పలకరింపు గోడ

జశ్వంత్ పోయిన రోజు పొద్దున్న, తన ఒంట్లో బాగుందని అతను కాకినాడ ఊరందరికీ చెప్పాడు.

"నమస్కారమండి. రాత్రి హాయిగా నిద్రపట్టింది. పొద్దున్నే రెండు ఇడ్లీలు తిన్నాను. ఇక్కడి సిబ్బంది కన్నబిడ్డల్లా చూసుకుంటున్నారు. త్వరలోనే మళ్ళీ కొట్లో కలుద్దాం" అన్నాడు. తీరధార ఆసుపత్రి పేజీలో అతని ముఖం నిండుగా, కళగా ఉంది. మాట ముగించి రెండు చేతులూ జోడించాడు. చూసినవాళ్ళు వందల్లో దీవెనలు పెట్టారు. అతని కాజాల కొట్టు పక్కనే మందుల షాపు నడిపే కుర్రాడు, "మీ కాజాల కోసం నాలుక పీకేస్తోంది బాబాయ్" అని రాశాడు. జశ్వంత్ నవ్వి, "నీకు రెండు ఎక్కువే వేస్తాలేరా" అని జవాబిచ్చాడు.

ఆ జవాబు వచ్చేసరికి అతని శరీరం ఆసుపత్రి వెనక వైపు చల్లటి గదిలో, తెల్ల సంచిలో ఉంది.

సంచి జిప్పు ఛాతీ దాకా తీసి చూపించారు. అతని భార్య లాస్య ముందు ముఖం చూసింది. చెంపలు లోపలికి పోయాయి. మాస్కు ఒరుసుకున్న చోట ముక్కు మీద చర్మం లేచింది. అది ఊపిరితిత్తుల జబ్బు, అలా ఉంటుందని ఆమె మనసుకి సర్దిచెప్పుకుంది. తర్వాత చెయ్యి చూసింది. గోళ్ళు పెరిగి ఉన్నాయి. బొటనవేలి గోరు ఒక పక్క విరిగి, కింద మురికి పట్టి ఉంది.

ఆమె ఆ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

జశ్వంత్ నలభై ఏళ్ళు కాజాల పిండి కలిపినవాడు. పిండిలో పెట్టే చేతికి గోరు ఉండకూడదన్నది అతని నియమం. శని, ఆదివారాల్లో అమ్మకాలు ఎక్కువ గనక శుక్రవారం సాయంత్రం గోళ్ళు తీయించుకునేవాడు. తీసేది లాస్య. శుక్రవారం పూట, అందులోనూ దీపాలు పెట్టే వేళ గోళ్ళు తీస్తే లక్ష్మి ఇల్లు విడిచిపోతుందని అత్తగారు బతికున్నన్నాళ్ళూ గొణిగేది. మునిసిపల్ హైస్కూల్లో సైన్సు చెప్పే లాస్య, "ఆవిడ వెళ్ళాలనుకుంటే గోళ్ళ కోసం ఆగదు అత్తయ్యా" అని నవ్వుతూ తన పని కానిచ్చేది.

మొన్న శుక్రవారం సాయంత్రం కూడా ఆమె పేజీలో అతన్ని అడిగింది. "గోళ్ళెలాగోయ్?" అంటే, "నర్సమ్మ తీసేసిందిలే, చూడు" అని జశ్వంత్ తెర మీద చేతులు చాపి చూపించాడు. పది వేళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. ఆమె స్తిమితపడి పడుకుంది.

"ఒక నెయిల్ కట్టర్ ఉంటే ఇస్తారా?" అని లాస్య అక్కడున్న అటెండరుని అడిగింది.

"ఇప్పుడవన్నీ ఎందుకు వదినా, వ్యాను వాడు తొందరపెడుతున్నాడు" అన్నాడు మరిది రిత్విక్. అటెండరు జిప్పు మూసేశాడు.

శ్మశానం దగ్గర చితి ఇంకా ఆరకముందే రిత్విక్ ఫోను మోగింది. అతను చూసి, కళ్ళు తుడుచుకుని, ఫోను ఆమె ముందుకు చాచాడు. "చూడు వదినా, అన్నయ్య ఎంత కళగా ఉన్నాడో!"

తెర మీద జశ్వంత్ చేతులు జోడిస్తున్నాడు. "నేను మిమ్మల్ని విడిచి వెళ్ళినా తీరధార కుటుంబం నన్ను ఆఖరి క్షణం దాకా ఒంటరిని చేయలేదు. అందరికీ కృతజ్ఞతలు." వెనక సన్నాయి మెల్లగా వినిపిస్తోంది. కింద ఆసుపత్రి గుర్తు, ఊపిరితిత్తుల పరీక్ష మీద ఈ నెల రాయితీ.

పాకం మరీ ఎక్కువైన కాజా కొరికితే పళ్ళు జివ్వుమంటాయే, అలాంటిదేదో లాస్య ఒళ్ళంతా పాకింది. ఆమె ఫోను వెనక్కి ఇచ్చేసింది.

*

ఇది 2078లో సంగతి. ఆసుపత్రులు సోషల్ మీడియాలో జనంతో మాట్లాడటం కొత్తేమీ కాదు. లాస్య చిన్నతనంలో ఆ పేజీల్లో పోలియో చుక్కల తేదీలు, డెంగ్యూ జాగ్రత్తలు, ఫలానా గ్రూపు రక్తం కావాలన్న విన్నపాలు ఉండేవి. ఆమె బడిలో ఉద్యోగానికి చేరిన కొత్తలో పెద్ద జ్వరాలు వచ్చి, ఇంటెన్సివ్ కేర్ గదుల్లోకి బయటివాళ్ళని రానివ్వడం శాశ్వతంగా మానేశారు. కానీ మనవాళ్ళకి పరామర్శ మానడం చేతకాదు. ఆసుపత్రిలో ఉన్న మనిషిని వెళ్ళి చూడకపోతే ఆ మాట పదేళ్ళు నిలిచిపోతుంది. గేట్ల దగ్గర తోపులాటలు, పుకార్లు, డాక్టర్ల మీద దెబ్బలు. ఆ తలనొప్పికి మందుగా పుట్టింది ప్రతిముఖం.

మంచం చుట్టూ ఉన్న సెన్సర్లు రోగి ముఖాన్నీ గొంతునీ కొలుస్తాయి. అతని పాత ఫొటోలు, ఫోను సంభాషణలు కలిపి కంప్యూటరు ఆ మనిషికి మాట్లాడే బొమ్మను తయారుచేస్తుంది. అదే ప్రతిముఖం. రోగి విశ్రాంతిలో ఉన్నప్పుడు మాత్రమే అది అతని తరఫున పేజీలో పలకరింపులు అందుకుంటుందని ఒప్పందంలో ఉంది. పొద్దున పోస్టు పెడుతుంది, వచ్చిన ప్రతి పలకరింపుకీ పేరు పెట్టి జవాబిస్తుంది. అందరి ప్రతిముఖాలూ కనిపించే పెద్ద తెరని ఆసుపత్రి ముందు హాల్లో కట్టారు. దానికి జనమే పలకరింపు గోడ అని పేరు పెట్టుకున్నారు.

రోజూ సాయంత్రం తాను మాట్లాడింది జశ్వంత్‌తోనే అని లాస్య అనుకుంది. విశ్రాంతి వేళ ఏది, మెలకువ వేళ ఏది అని అడగాలని ఆమెకి తట్టలేదు.

*

పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. హాలు నిండా జనం. గోడ మీద వందలాది ముఖాలు నవ్వుతున్నాయి, నమస్కరిస్తున్నాయి. ఎవరికీ దగ్గు లేదు. పైన పెద్ద అక్షరాల్లో, "ఇక్కడ ఎవరూ ఒంటరి కారు."

గోడ ముందు నిలబడిన ఒకావిడ, పూల చీర కట్టుకున్న ముసలమ్మ ముఖంతో మాట్లాడుతోంది. ముసలమ్మ కోపంగా, "ఎన్నిసార్లు చెప్పాలి నీకు, వేళకి తినమని?" అంది. ఆవిడ ఏడుపూ నవ్వూ కలిపి పక్కవాళ్ళతో, "మా అమ్మే! అచ్చం మా అమ్మే అండి! ఇదివరకు కాస్త తేడాగా ఉండేది, ఈ వారం నుంచి తిట్టడం కూడా మొదలెట్టింది" అంది.

లాస్య ఒక్క క్షణం ఆగింది. ముసలమ్మ అన్న ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో గుర్తుకురాక ముందుకి నడిచింది.

ప్రజా సంభాషణ విభాగం మూడో అంతస్తులో ఉంది. ప్రతిముఖాలని తయారుచేసే శాస్త్రవేత్తల బృందానికి అధిపతి డాక్టర్ అద్విత. నలభై దాటని మనిషి, మర్యాదగా లేచి నిలబడింది. "కూర్చోండి మేడమ్. జశ్వంత్‌గారి పేజీకి చాలా మంచి స్పందన వచ్చిందండి."

"ఆయనకి ఊపిరి ఆడక ప్రాణం పోతున్నప్పుడు ఇడ్లీ తిన్నానని చెప్పించారు" అంది లాస్య.

అద్విత తల దించుకుంది. "పోస్టు ఉదయం ఆరుకి వెళ్తుందండి. పోయారన్న సమాచారం రాగానే ఆపాలి. ఆ రోజు కాస్త ఆలస్యమైంది. పొరపాటే."

"పొరపాటు ఆలస్యంలో లేదమ్మా. ముందురోజు ఆయన ఇడ్లీ తిన్నారా?"

"లేదండి. గొట్టం ద్వారా ఇచ్చారు."

"గోళ్ళు తీశారా?"

అద్వితకి అర్థం కాలేదు. లాస్య శుక్రవారం సంగతి చెప్పింది. అద్విత తెర మీద ఏదో వెతికి చూసి, "ప్రతిముఖం చేతులు పాత ఫొటోల నుంచి వస్తాయండి. మీవారి ఫొటోలన్నిటిలో గోళ్ళు తీసే ఉన్నాయి. మీరు అడిగారు కాబట్టి మీరు ఊరట పడే జవాబు ఎంచుకుంది" అంది.

"ఆయన మెలకువగా ఉన్నప్పుడు ఆయన్నే ఎందుకు మాట్లాడనివ్వలేదు?"

"మొదట్లో అలాగే చేశామండి" అంది అద్విత. ఆమె గొంతులో మొదటిసారి విసుగులాంటిది వినిపించింది. "అసలు రోగుల్నే చూపించాం. మాస్కులు, ఎగశ్వాస, అన్నీ. నిజమే చూపించండని ఊరంతా రాసింది కదా. చూపిస్తే ఎవరూ రెండో రోజు పేజీ తెరవలేదు. పలకరింపులు ఆగిపోయాయి. సొంత పిల్లలే దాటేసి వెళ్ళారు. మనోభావ సూచీ అని ఒకటుంది మేడమ్, జనం మనసు ఎటుందో కొలిచేది. అది పడిపోతే రోగులు వేరే ఆసుపత్రికి పోతారు. ప్రతిముఖం పెట్టాక అందరూ తిరిగొచ్చారు. గొంతు బలహీనంగా ఉన్నవాళ్ళని రోజంతా విశ్రాంతిలో ఉన్నట్టే లెక్కిస్తున్నాం."

"అంటే మా ఆయన ఒక్కసారి కూడా నాతో మాట్లాడలేదు."

"మీతో మాట్లాడలేదండి" అంది అద్విత. తర్వాత ఏదో అనబోయి ఆగింది.

"చెప్పమ్మా."

"ఒప్పందంలో ప్రతిముఖం గురించిన పేరా రెండు వైపులకీ వర్తిస్తుందండి. ఇంటివాళ్ళ ఏడుపు ముఖాలు చూస్తే రోగి గుండె వేగం పెరుగుతుంది. అందుకని ఆయన మంచం పక్కన కూడా ఒక ప్రతిముఖం ఉంటుంది."

"ఎవరిది?"

"మీదే."

"నాకు అది చూడాలి. అసలు రికార్డు" అంది లాస్య.

"చట్టప్రకారం మీకు హక్కు ఉందండి. కాకపోతే ఈ నాలుగేళ్ళలో అది అడిగిన మొదటి మనిషి మీరే. అందరూ గోడతోనే తృప్తిపడి వెళ్తారు." అద్విత తెర వైపు తిరిగింది.

"అసలుది చూస్తారా, సవరించినది చూస్తారా?" అని యంత్రం తియ్యటి గొంతుతో అడిగింది.

"అసలుది."

"అసలుది మనసుకి కష్టం కలిగించవచ్చు. సవరించినది సిఫార్సు చేస్తున్నాం."

"అసలుది అన్నాను" అంది లాస్య, మొండిపిల్లాడికి చెప్పినట్టు.

*

మంచం. జశ్వంత్. మాస్కు లోపల ఆవిరి పడుతూ పోతూ ఉంది. మంచం పక్కన నిలువు తెర మీద లాస్య ముఖం. తనకన్నా పదేళ్ళు చిన్నగా, కళ్ళ కింద నలుపు లేకుండా, చిరునవ్వుతో ఉంది. గొంతు మాత్రం తనదే.

"గోళ్ళు పెరిగాయి లాస్యా" అంటున్నాడు జశ్వంత్. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు. "ఇవాళ శుక్రవారమేగా. కట్టర్ తెచ్చావా?"

"శుక్రవారం పూట గోళ్ళేమిటి? అందులోనూ దీపాలు పెట్టే వేళ" అంది తెర మీది లాస్య. "రేపు తీస్తాలే. నువ్వు పడుకో."

జశ్వంత్ కళ్ళు తెర వైపు తిరిగాయి. చాలాసేపు అలా చూశాడు. తర్వాత మాస్కులోనే నవ్వాడు, నవ్వు దగ్గులోకి మారింది.

"ఎవరమ్మా నువ్వు?"

"నేనే. లాస్యని."

"కాదులే. మా ఆవిడ ముప్ఫయ్యేళ్ళుగా శుక్రవారం దీపాలు పెట్టాకే నా గోళ్ళు తీస్తోంది. మా అమ్మ తిట్టినా వినలేదు. నువ్వెవరో మంచి సంప్రదాయమైన పిల్లవి. నిన్నెవరు పెట్టారమ్మా ఇక్కడ?"

"నువ్వు బాగా అలసిపోయావు."

"సరే, అలసిపోయాను. ఆవిడకి చెప్పు. కట్టర్ పట్టుకుని రమ్మను. పిండి కలపకపోయినా ఇవి గుచ్చుకుంటున్నాయి."

"తప్పకుండా చెప్తాను."

అద్విత గొంతు సవరించుకుంది. "గొంతు మీ ఫోను నుంచి తీసుకుందండి. ఇలాంటి ఇంటి సంగతుల దగ్గర మాత్రం మీ ఊళ్ళో, మీ వయసు ఆడవాళ్ళ మాటల సగటు నుంచి తీసుకుంటుంది. మీ విషయంలో అది తప్పింది."

తెర మీద రోజు మారింది.

"చెప్పావా?" జశ్వంత్ అడుగుతున్నాడు.

"చెప్పాను. వస్తానంది."

"ఎప్పుడు?"

"దారిలో ఉంది."

జశ్వంత్ తలుపు వైపు తల తిప్పుకున్నాడు. తలుపు తెరుచుకోలేదు. ఒక నర్సు వచ్చింది, సెలైన్ మార్చింది, తెర మీది ముఖానికి నవ్వి వెళ్ళిపోయింది. ఆ శనివారం సాయంత్రం లాస్య ఇంట్లో కూర్చుని, చేతులు జోడించిన ఇంకో జశ్వంత్‌తో కందిపచ్చడి గురించి మాట్లాడింది. ఆ సంభాషణ ఆమెకి మాట మాటా గుర్తుంది.

మళ్ళీ రోజు మారింది. ఆదివారం, ఇంకా తెల్లవారలేదు. మాస్కు లోపల ఆవిరి బాగా తగ్గింది.

"దారిలో ఉందన్నావు" అన్నాడు జశ్వంత్.

"ఇదిగో, వచ్చేస్తోంది."

"నువ్వు అబద్ధాలకోరువి." అతను చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "పోనీలే. వచ్చేదాకా నువ్వే మాట్లాడు. ఎవరూ లేకపోవడం కంటే నయం. కాకపోతే... అంత మెత్తగా మాట్లాడకు. ఎవరితోనో ఉన్నట్టుంది. కాస్త విసుక్కో."

"నీ మీద నాకు విసుగెందుకు?"

"మా ఆవిడకి ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పాలి నీకు అంటుంది. అను."

తెర మీది ముఖం ఒక్క క్షణం కదలకుండా ఉండిపోయింది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు, మాస్కు లాగొద్దని?" అంది, అచ్చం లాస్యలాగే.

జశ్వంత్ ముఖం మెల్లగా విచ్చుకుంది. "ఆఁ... ఇంకోసారి" అన్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

అతను కళ్ళు మూసుకున్నాడు. పెరిగిన గోళ్ళతో ఉన్న చెయ్యి దుప్పటి మీద నుంచి తెర వైపు కొంచెం జరిగి ఆగింది.

లాస్య ఆపమని చెయ్యెత్తింది. పిల్లల ముందు ఏడవకూడదని ఏళ్ళ తరబడి అలవాటు చేసుకున్న మనిషి. కొంగు మడత సరిచేసుకుని, "కింద ఒక ముసలమ్మ ముఖం ఇదే మాట అంటోంది" అంది.

అద్విత ముఖంలో ఇబ్బందీ గర్వమూ కలిసి కనిపించాయి. "యంత్రం ఆరోజు చాలా గొప్ప సంగతి నేర్చుకుందండి. ఊరటలో కాస్త విసుగు కలిస్తేనే జనం నమ్ముతారని. మా బృందం ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నది అదే. ఈ వారం అన్ని ప్రతిముఖాలకీ అది జోడించాం. మనోభావ సూచీ ఎప్పుడూ లేనంత పెరిగింది. ఒక విధంగా జశ్వంత్‌గారు..."

"ఆ మాట పూర్తిచేయకమ్మా" అంది లాస్య.

అద్విత తెర ఆర్పేసింది.

"ఆయన ఉన్న మంచం మీద ఇప్పుడెవరున్నారు?"

"తుని నుంచి వచ్చిన పెద్దాయన ఒకరండి."

"ఆయన గోళ్ళు ఎవరు తీస్తారు?"

"అది నర్సింగ్ విభాగం చూసుకుంటుంది. మాది సంభాషణ విభాగం మాత్రమే." ఆ మాట తన చెవులకే ఎలాగో వినిపించినట్టుంది, అద్విత కిటికీ వైపు చూసింది.

లాస్య లేచింది. "రెండు ముఖాలూ తీసేయండి. నాదీ, ఆయనదీ."

"మీది ఇప్పుడే తీసేస్తానండి. పోయినవాళ్ళ ముఖాలు కూడా గోడ మీద ఉంచుతాం, ఆయనది తీయాలంటే రక్తసంబంధీకుల్లో ఒకరు కూడా సరే అనాలి."

ఆమె అక్కడి నుంచే రిత్విక్‌కి ఫోను చేసింది. విన్నదంతా చెప్పింది. తలుపు సంగతి, గోళ్ళ సంగతి.

"అయ్యో అన్నయ్యా" అన్నాడు రిత్విక్. గొంతు నిజంగానే పగిలింది. తర్వాత, "అయినా వదినా, ఉండనీ. ఏం తీస్తాం చెప్పు. రోజూ పొద్దున్నే నాతో మాట్లాడుతున్నాడు. నిన్న నన్ను తిట్టాడు కూడా. బతికుండగా నాతో అన్ని మాటలు ఎప్పుడు మాట్లాడాడు?"

"అది మీ అన్నయ్య కాదు రిత్విక్."

"తెలుసు వదినా" అన్నాడు అతను. "నాకు తెలీదనుకున్నావా?"

*

లాస్య మెట్లు దిగి హాల్లోంచి బయటికి నడిచింది. గోడ ముందు జనం ఇందాకటికంటే ఎక్కువయ్యారు. వందలాది ముఖాలు ప్రేమగా విసుక్కుంటున్నాయి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు. విన్నవాళ్ళు మురిసిపోతున్నారు. అవి తమవాళ్ళు కావని వాళ్ళలో ఏ ఒక్కరికీ తెలియదని ఇప్పుడామె అనుకోలేకపోయింది.

ఒక మూల జశ్వంత్ ముఖం ఆమెని గుర్తుపట్టింది. "తిన్నావా లాస్యా?" అంది, చేతులు జోడించి.

ఆమె ఆ చేతులు చూసింది. జవాబివ్వకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజు శుక్రవారం. ఇంటికి వెళ్ళి దీపం పెట్టి, అలమర సొరుగులోంచి నెయిల్ కట్టర్ తీసింది. కాసేపు చేతిలో పట్టుకుని కూర్చుని, మళ్ళీ అక్కడే పెట్టేసింది.

జశ్వంత్ ప్రతిముఖం ఇప్పటికీ ఆ గోడ మీద ఉంది. దాని గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. జశ్వంత్ గోళ్ళు ఎవరూ తీయలేదు.